ఘంటసాల టీవీలో మాట్లాడిన రాత్రి

వచ్చిన వ్యక్తి వయసు 72. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఊరు మక్తల్ వైపు, కృష్ణా నది మన రాష్ట్రంలో అడుగుపెట్టే చోటికి ఎంతో దూరం కాదు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ మాట్లాడతారు. భార్య పోయి ఆరేళ్లయింది. మహబూబ్‌నగర్‌లో కొడుకు, కోడలు దగ్గర ఉంటున్నారు. 2023 ఫిబ్రవరిలో కొడుకు ఆయనను నా దగ్గరకు తీసుకొచ్చాడు. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను; గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. నేను క్లినికల్ సైకాలజిస్టుని, మందులు రాసే డాక్టర్ని కాను. ఆ మాట మొదటి రోజే చెప్పాను. అయినా ఆయన నన్ను "డాక్టరమ్మా" అనడం మానలేదు.

ఫిర్యాదు

కొడుకు ఒక్క వాక్యంలో చెప్పాడు: "నాయనకు జరగనివి జరిగినట్టు గుర్తొస్తున్నాయి మేడం."

రెండు వారాల కిందట బంధువుల ఇంట్లో గృహప్రవేశం జరిగింది. భోజనాలయ్యాక పాత పాటల మాట వచ్చింది. మామూలుగా నలుగురిలో నోరు విప్పని ఈయన ఆ రోజు కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పడం మొదలుపెట్టారు. ఘంటసాలను తాను టీవీలో చూశారట. 1975లో, తమ ఊరి బడి ముందర, బాగా పొద్దుపోయాక. తెల్ల పంచె, ఎర్ర అంచు కండువా, ఎదురుగా హార్మోనియం. ప్రశ్నలు అడిగే మనిషి మొహం కనబడలేదు, గొంతు మాత్రమే. విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో మధుకరం చేసి, అంటే ఇంటింటా అన్నం అడిగి, కడుపు నింపుకున్న సంగతి చెబుతూ ఘంటసాల కండువాతో కళ్లు తుడుచుకున్నాడట. బడి ముందర కూర్చున్న ఆడవాళ్లు కూడా ఏడ్చారట.

తమ్ముడి కొడుకు ఒకతను ఫోను తీశాడు. ఘంటసాల చనిపోయింది 1974 ఫిబ్రవరి 11న. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబర్ 23న. "పెదనాన్నా, చచ్చిపోయిన మూడేళ్లకు లేచి వచ్చి ఇంటర్వ్యూ ఇచ్చాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయన లేచి, చెప్పులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఇంటికి వచ్చేశారు. ఆ రోజు నుంచి అడిగిన దానికి తప్ప నోరు విప్పడం లేదు.

ఇక మిగతావి కొడుకు ఫోనులో రాసుకుని వచ్చాడు. చెప్పిందే మళ్లీ అడుగుతారు. గ్యాస్ బండ వస్తుందని పొద్దున చెబితే మధ్యాహ్నానికి "నాతో ఎవరూ అనలేదు" అంటారు. పాలకూర తెమ్మంటే తోటకూర తెస్తారు. పెళ్లిళ్లకు రానంటారు. మాటల మధ్య కన్నడం కలుపుతారు, అదీ లక్షణమేనా? రాత్రి రెండింటి దాకా టీవీ ముందు కూర్చుంటారు. వెళ్లేటప్పుడు కోడలు గుమ్మం దగ్గర ఆగి, "టీవీ సౌండు అరవైకి తగ్గదు మేడం, పిల్ల చదువుకోలేకపోతోంది" అంది. ఆ మాటను నేను 'నిద్ర సమస్య' అన్న వరుసలో రాసుకున్నాను. ఈ కేసులో అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి లేదని తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది.

తమ్ముడి కొడుకు లెక్క

ఫోనులో చూసిన రెండు తేదీలూ సరైనవే. వాటి మధ్య ఆ కుర్రవాడికి తెలియని సంగతి ఒకటి ఉంది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం రావడానికి రెండేళ్ల ముందే పాలమూరు పల్లెలు టీవీ చూశాయి.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో వెనకబడిన ప్రాంతాల నుంచి ఏరిన సుమారు 2,400 పల్లెలకు నేరుగా కార్యక్రమాలు పంపారు. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. వెనకబాటు వల్ల మనకు ముందుగా దక్కినవి తక్కువ. అది వాటిలో ఒకటి. కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీతో చేసిన పది అడుగుల గొడుగు, దాని కింద ఊరందరికీ కలిపి ఒక టీవీ. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్లకు. వ్యవసాయం, ఆరోగ్యం, కొంచెం ఆటపాట. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని వెనక్కి మళ్లించారు. అరువు సొమ్ము అరువుకే పోయింది.

మొదటి రోజు నేను 'సైట్' అనగానే ఆయన తల ఎత్తి నన్ను చూశారు. అప్పటికి ఇరవై నాలుగేళ్ల కొత్త మాష్టారు. టీవీ ఉంచిన చెక్కపెట్టె తాళం ఆయన దగ్గరే ఉండేదట. తాళంచెవి ఎంత పొడవుండేదో వేలు చాపి చూపించారు. గొడుగు మీద కాకులు వాలితే బొమ్మ చెడుతుందని పిల్లలను రాళ్లిచ్చి కాపలా పెట్టేవారట. నేను నమ్ముతున్నానని తెలిశాక గంటలో నలభై నిమిషాలు అదే మాట్లాడారు, నేనూ అదే విన్నాను. 'బాగా పొద్దుపోయాక' అన్నదీ నాకు అడ్డం కాలేదు. ఆ రోజుల్లో పాలమూరు పల్లెలో రాత్రి ఎనిమిదిన్నర అంటే నడిజామే.

అయినా ఘంటసాల అప్పటికి ఏడాదిన్నర కిందటే పోయారు. పాత రికార్డింగు ఏదైనా వేశారేమోనని నేనూ ఆలోచించాను. టేపు దొరకనంత మాత్రాన కార్యక్రమమే రాలేదని తేల్చకూడదు. అమెరికాలో జానీ కార్సన్ 1962లో చేపట్టిన అర్ధరాత్రి ముచ్చట్ల కార్యక్రమం తొలి పదేళ్ల టేపుల్లో చాలా వాటిని చెరిపేసి, వాటి మీదే వేరేవి రికార్డు చేశారు. కోట్లమంది చూసిన సంభాషణలకు ఇప్పుడు చూసినవాళ్ల జ్ఞాపకమే ఆధారం. కాబట్టి టేపు సంగతి పక్కన పెట్టాను. ఈ కథలో గుట్టు బయటపెట్టింది కండువా. ఆ పల్లెల్లో పెట్టిన టీవీలు నలుపు తెలుపువి. రంగుల ప్రసారాలు మన దేశానికి వచ్చింది 1982లో. ఎర్ర అంచు 1975లో కనబడే అవకాశమే లేదు. ఆ బొమ్మ మరెప్పటిదో.

ఇలాంటివి వింటే జనం రెండే మాటలు అంటారు: అబద్ధం, లేదా మతిమరుపు. రెండూ కానక్కరలేదు. 1992 అక్టోబర్ 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సరుకు విమానం అపార్ట్‌మెంటు మీద కూలింది. అది కూలే క్షణాన్ని ఏ కెమెరా పట్టలేదు. పది నెలల తర్వాత పరిశోధకులు జనాన్ని "విమానం ఢీకొనడం టీవీలో చూశారా?" అని అడిగితే సగానికి పైగా, 55 శాతం మంది, చూశామన్నారు. ఏ కోణంలో తగిలిందో చెప్పినవాళ్లూ ఉన్నారు. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు ఒక కాలేజీ విద్యార్థులతో 'ఆ వార్త మీకెలా తెలిసింది' అని రాయించి, రెండున్నరేళ్లు దాటాక మళ్లీ అదే అడిగారు. మొదట టీవీలో తెలిసిందని రాసినవాళ్లు 44 మందిలో 9 మంది. తర్వాత 19 మంది. స్నేహితుడు చెప్పినదీ, తరగతిలో విన్నదీ కూడా కాలం గడిచేకొద్దీ టీవీలోకి పోయి చేరుతుంది. వివరాలు దండిగా ఉండటం, మనిషి ఒట్టేసి చెప్పగలగడం నిజానికి రుజువులు కావని నా వృత్తిలో మొదటి ఏడాదే నేర్పుతారు.

అంతా నాకు తెలుసు. తెలిసినది చెప్పుకునే సందర్భం దొరికిందన్న సంబరంలోనే పడిపోయాను.

మొదటి పరీక్ష

జ్ఞాపకశక్తిని కొలవడానికి ఏసీఈ-3 తెలుగు రూపం చేశాను. నూటికి 74 వచ్చాయి. అందులో జ్ఞాపకానికి కేటాయించిన 26లో 13. ఉపాధ్యాయుడిగా పనిచేసిన మనిషికి ఇది తక్కువే. కొన్ని మాటలు, ఒక పేరూ చిరునామా చదివి వినిపించి, ముందు వెంటనే, కాసేపయ్యాక మళ్లీ చెప్పమంటాం. పరీక్షలో ఉన్న అసలు మాటలు బయట రాయకూడదు కనుక పోలిక చెబుతాను: నేను 'శేషయ్య' లాంటి పేరు చదివితే ఆయన 'ఎర్రయ్య' లాంటి పేరు చెప్పారు. కాసేపయ్యాక అడిగితే మళ్లీ ఎర్రయ్యే. నేను రెండు చోట్లా తప్పు వేశాను. ఆ కాగితం ఇప్పుడు తీసి చూస్తే సిగ్గేస్తుంది. ఎర్రయ్యను ఇరవై నిమిషాలు పోగొట్టుకోకుండా దాచుకున్న మనిషికి జ్ఞాపకం పోయిందని రాశాను.

వృద్ధులలో దిగులును చూసే పదిహేను ప్రశ్నల పట్టికలో 7 వచ్చింది, కొంచెం దిగులుంది. షుగరుకు ఏళ్ల తరబడి మాత్రలు వేసుకుంటున్నారు. ఆ మాత్రల వల్ల కొందరిలో బీ12 తగ్గి మతిమరుపు వస్తుంది కాబట్టి వాళ్ల డాక్టరుతో మాట్లాడి బీ12, థైరాయిడ్ చూపించాం. రెండూ బాగున్నాయి. నరాల డాక్టరుకు ఉత్తరం రాసి, 'తొలిదశ జ్ఞాపకలోపం కావచ్చు' అని ముగించాను.

కొడుకు అడిగిన కన్నడం ప్రశ్నకు మాత్రం ఆ రోజు సరైన జవాబే ఇచ్చాను. సరిహద్దు ఊళ్లలో పుట్టినవారికి మాటల మధ్య మరో భాష రావడం జబ్బు కాదు. పైగా హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క భాషే తెలిసినవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. కొడుకు కొంచెం తేలికపడ్డాడు. ఆయన మాత్రం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు. విషయం పట్టడం లేదు కాబోలు అనుకున్నాను.

టీ తాగిన రోజు

మూడు వారాల తర్వాత రిపోర్టులు పట్టుకుని వచ్చారు. అప్పటికింకా మా క్లినిక్‌లో మాస్కులు పెట్టుకునేవాళ్లం. అప్పుడే టీ వచ్చింది. మాస్క్ తీసి కప్పు అందుకుని మామూలు మాటలు మొదలుపెట్టాను. ఆయన టకటకా జవాబులు చెబుతున్నారు. మనవరాలికి భిన్నాలు ఎలా నేర్పిస్తున్నదీ, పింఛను లెక్కలో బ్యాంకు వాళ్లు చేసిన పొరపాటు ఎలా పట్టుకున్నదీ చెప్పారు. కిటికీలోంచి ఎండ పడుతుంటే లేచి తెర లాగుతూ, అటు తిరిగే, "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగాను. జవాబు లేదు. ఇటు తిరిగేసరికి నా మొహంకేసి ఆదుర్దాగా చూస్తున్నారు. అదే ప్రశ్న మళ్లీ అడిగాను. వెంటనే చెప్పారు.

నాకు ఒళ్లు జల్లుమంది. మాస్క్ పెట్టుకుని అదే గొంతుతో అడిగి చూశాను. తలూపి నవ్వారు. వినబడనివాళ్లు నవ్వే నవ్వది. మా అమ్మమ్మ నవ్వేది అలాగే.

మొదటి రోజు పరీక్ష మొత్తం నేను మాస్క్‌లోంచి చదివాను. నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన నా పెదవులు చూసి మాట పట్టుకునే మనిషి. ఆ పెదవులకే గుడ్డ కట్టాను.

చెవి డాక్టరు ముందు గుబిలి తీశారు. తర్వాత వినికిడి పరీక్ష: కుడి చెవి 52 డెసిబెల్స్, ఎడమ చెవి 55. పక్కన కూర్చున్న మనిషి మామూలు గొంతుతో చెప్పేదే సరిగా అందని స్థాయి. పరీక్ష కాగితం మీది గీత చూస్తే సన్నటి శబ్దాల వైపు వాలు దిగినట్టు పడిపోతోంది. వయసుతో వచ్చే చెవుడు ఇలాగే ఉంటుంది. అచ్చులు బొద్దుగా, బలంగా ఉంటాయి కనుక అవి చెవిలో పడతాయి. స, శ, త, క లాంటి హల్లులు పలచన; అవే ముందు జారిపోతాయి. శేషయ్యలో 'అయ్య' మిగులుతుంది. పాలకూరలో 'కూర' మిగులుతుంది. ముందు భాగం మనిషి తనకు తోచింది అతికించుకుంటాడు. గ్యాస్ బండ సంగతి వంటగదిలోంచి చెప్పి ఉంటారు, కుక్కర్ కూతల మధ్య. "నాతో ఎవరూ అనలేదు" అన్న ఆయన మాట ఆయన వరకు నిజం. పెళ్లిళ్లకు ఎందుకు రానంటున్నారో ఇక అడగనక్కరలేదు. బ్యాండు మేళంలో ఎవరేమంటున్నారో తెలియక నవ్వుతూ కూర్చోవడం ఎవరికి మాత్రం ఇష్టం?

మాస్క్ లేకుండా, ఫ్యాన్ ఆపి, చెవి దగ్గర మైకు పెట్టి, మూడు నెలలకు పరీక్ష మళ్లీ చేశాను. 88 వచ్చాయి, జ్ఞాపకంలో 22. రెండోసారి రాసే పరీక్షలో అలవాటు వల్ల కొన్ని మార్కులు పెరగడం మామూలే గాని ఇంత పెరగవు. నరాల డాక్టరుకు మరో ఉత్తరం రాసి, మొదటిదాన్ని వెనక్కి తీసుకున్నాను.

ఆ రాత్రి ఎలా తయారైంది

కోడలును ఒంటరిగా కూర్చోబెట్టి టీవీ సంగతి అడిగాను. ఘంటసాల పేరు నేను ఎత్తలేదు. ఆమే ఎత్తింది. 2022 డిసెంబరు, ఘంటసాల శతజయంతి రోజులు; ఆయన పుట్టింది 1922 డిసెంబర్ 4న. ఒక అర్ధరాత్రి మామ పెద్దగా కేకవేస్తే ఉలిక్కిపడి లేచిందట. "రండి, ఘంటసాల మాట్లాడుతున్నాడు" అంటున్నారట. టీవీలో ఎవరో పెద్దాయన హార్మోనియం ముందర కూర్చుని ఘంటసాల గురించి చెబుతూ కళ్లు తుడుచుకుంటున్నాడు. మధ్యమధ్య పాటలు వేస్తున్నారు. సౌండు తగ్గించి ఆమె పడుకుంది. కండువా అంచు ఏ రంగో నేను అడగలేదు. అడిగితే ఆమెకు గుర్తొచ్చేసేది.

పాటలో అచ్చులు సాగుతాయి. చెవి మందగించినవారికీ పాట అందుతుంది, అందులోనూ పల్లవి చరణం కంఠతా వచ్చిన పాట. పాటకూ పాటకూ మధ్య ఆ పెద్దాయన చెప్పిన మాటలు మాత్రం ఈయనకు సరిగా అందలేదు. అందని చోట తనకు తెలిసినది నింపుకున్నారు. మధుకరం కథ ఎక్కడిదో తర్వాత ఆయనే చెప్పారు: ఘంటసాల పోయినప్పుడు గ్రంథాలయంలో పత్రికలన్నీ తిరగేసి చదివారట. ఆ కథ నిజమే, ఘంటసాల జీవితంలో జరిగినదే. కన్నీళ్లు నిజమే, వేరే మనిషివి. బడి ముందరి జనం నిజం, గొడుగు నిజం, చీకటి నిజం. ఇవన్నీ కలిసి ఒకే రాత్రి అయ్యాయి. జీవితంలో టీవీ అన్నది ఆయనకు అందరికంటే గొప్పగా దక్కినది తాళంచెవి చేతిలో ఉన్న ఆ ఏడాదే. ఘంటసాలను చూసిన రాత్రి ఇంకెక్కడికి వెళ్లి కూర్చుంటుంది?

నా మాటకు టేపు లాంటి రుజువు లేదు. కోడలు జ్ఞాపకమూ జ్ఞాపకమే.

చెవి మిషను

రెండు చెవులకూ మిషన్లు పెట్టించారు. మొదటి పది రోజులు అవి కళ్లజోడు పెట్టెలో ఉన్నాయి. గిన్నె కింద పెడితే పిడుగు పడినట్టుంది, సకినం కొరికితే చెవిలో కంకర ఆడినట్టుంది అన్నారు. పదేళ్లుగా వినని శబ్దాలను మెదడు ఒక్కసారిగా భరించలేదు. పొద్దున గంట, సాయంత్రం గంట, మనవరాలితో ఎక్కాలు చెప్పించుకునేటప్పుడు మాత్రమే పెట్టుకోమన్నాం. ఆ పిల్ల ఈ పని డ్యూటీలా చేసింది. ఆరు వారాలకు రోజంతా పెట్టుకోవడం అలవాటైంది. ఇంట్లోవాళ్లకూ ఒక నియమం పెట్టాం: ఆయన ఎదుటికి వచ్చి, మొహం కనబడేలా మాట్లాడాలి, వంటగదిలోంచి చెప్పినది చెప్పినట్టు కాదు.

మిషను పెడితే ముందుముందు మతిమరుపు రాకుండా ఉంటుందా అని కొడుకు అడిగాడు. అలా హామీ ఇవ్వలేను. 2023లో వెలువడిన ఒక పెద్ద అమెరికా పరిశోధనలో 977 మంది వృద్ధులను మూడేళ్లు చూశారు. మొత్తం మీద మిషను పెట్టినవారికీ పెట్టనివారికీ తేడా రాలేదు. గుండె, రక్తనాళాల ముప్పు ఎక్కువున్న గుంపులో మాత్రం ఆలోచనా శక్తి తగ్గే వేగం దాదాపు సగానికి పడిపోయింది. వీళ్ల నాయనకు షుగరుంది కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు, అంతవరకే.

ఆరో నెలలో ఆయనే అడిగారు: "ఆ ఇంటర్వ్యూ సంగతి మీరు తేల్చలేదు డాక్టరమ్మా." నేను తేదీలు కాగితం మీద రాసి ముందుంచాను, తీర్పు చెప్పలేదు. జేబులోంచి పెన్ను తీసి, పిల్లల లెక్క దిద్దినట్టు ఒకదాంట్లోంచి ఒకటి తీసివేశారు. చాలాసేపు ఆ అంకెలు చూశారు. తర్వాత, నేను ఒక్కసారి కూడా ఎత్తని మాట ఆయనే అన్నారు.

"మా టీవీ నలుపు తెలుపుది. ఎర్ర అంచు ఎట్లా కనబడుతుంది?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తమ్ముడి కొడుకుకు చూపించడానికట. "టీవీ 1975లోనే వచ్చిందన్న మాట మాత్రం వాడు ఒప్పుకోవాలి" అన్నారు.

కోడలును టీవీ సౌండు ఎంత అని అడిగాను. ఇరవై రెండు అంది. మరి అర్ధరాత్రి దాకా చూడటం తగ్గిందా అని ఆయనను అడిగాను.

"ఇప్పుడు ప్రతి మాటా వినబడుతోంది డాక్టరమ్మా. వాళ్లు ఏమి మాట్లాడుతున్నారో తెలిశాక తొమ్మిదిన్నరకే కట్టేస్తున్నాను."